8 రోజుల టికెట్టు, 28 రోజుల గడువు

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసే మన వాళ్ళు ఇద్దరు కలిస్తే ఇదివరకు మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీ?’ అని ఉండేది. ఇప్పుడు ‘ఎన్ని రోజులు?’ అని. అంటే వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళాలి అని. రెండు అన్నవాడు అదృష్టవంతుడు, మూడు అన్నవాడు మామూలువాడు, అయిదు అన్నవాణ్ణి చూసి అందరూ అయ్యో అంటారు. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు కూడా ఈ మాట అడుగుతున్నారని విన్నాను. అడగడంలో తప్పేం లేదు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలో, పిల్లని బడి నుంచి ఎవరు తీసుకురావాలో, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుందో ఆ అంకెను బట్టే తేలుతుంది.

ఆ మిగలడం దగ్గరే ఉంది పేచీ. అద్దె, నర్సరీ ఫీజు పోగా చాలా ఇళ్ళలో పెద్ద ఖర్చు రైలుదే. రోజూ వెళ్ళేవాళ్ళకి లెక్క తేలిక. మా నాన్నగారి తరం వాళ్ళు తెనాలి నుంచి బెజవాడకి ఎమ్మెస్టీ మీద తిరిగేవాళ్ళు. నెల మొదట్లో సీజన్ చేయించుకుని పర్సులో పెట్టుకుంటే ఇక దాని ఊసే ఉండేది కాదు. రోజూ వెళ్ళాలి, రోజూ రావాలి, లెక్క వెయ్యడానికి ఏముంది? వారానికి రెండు రోజులు వెళ్ళేవాడికే ఈ తంటా అంతా.

మాటల్లో మాట, సీజన్ టికెట్టు పుట్టింది అసలు ఉద్యోగుల కోసం కాదట. 1834లో ఇంగ్లండ్ ఆగ్నేయాన క్యాంటర్‌బరీ నుంచి సముద్రపు ఒడ్డునున్న విట్‌స్టబుల్‌కి సముద్రస్నానాలకి వెళ్ళేవాళ్ళ కోసం అమ్మినదే మొట్టమొదటి సీజన్ టికెట్టని చెప్తారు. ఆ సీజన్ అంతా ఎన్నిసార్లైనా తిరగొచ్చు. పేరు అలా వచ్చింది. తర్వాత అది ఆఫీసువాళ్ళ సొత్తయింది. కరోనా వచ్చి ఆఫీసు అలవాటునే మార్చేశాక, ఇంగ్లండ్ రైల్వేలు 2021 జూన్ 28 నుంచి ‘ఫ్లెక్సీ సీజన్’ అని ఒకటి వాడుకలోకి తెచ్చాయి. స్కాట్లాండ్‌ది వేరే పద్ధతి, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఫ్లెక్సీ అంటే ఇదీ. రెండు స్టేషన్ల పేర్లు చెప్పి కొంటారు. 28 రోజుల గడువులో మీకు నచ్చిన 8 రోజులు ఆ రెండిటి మధ్య ప్రయాణం చెయ్యొచ్చు. ఆ రోజు ఎన్నిసార్లు తిరిగినా, పొద్దున్న రద్దీ వేళ ఎక్కినా అదనంగా కట్టక్కర్లేదు. ఏయే రోజులో ముందుగా చెప్పక్కర్లేదు. కాగితం టికెట్టు ఉండదు, స్మార్ట్ కార్డులోనో ఫోన్‌లోనో ఉంటుంది. వినడానికి వారానికి రెండు రోజులవాడి కోసం కొలత తీసి కుట్టినట్టే ఉంటుంది కదా. నాలుగు వారాలు, వారానికి రెండు, మొత్తం 8. అతికినట్టు సరిపోయింది. ఆ అతికినట్టు సరిపోవడమే దీంట్లో ఇబ్బంది. లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

నేను కింద వాడే అంకెలు ఏ లైనులోనూ అసలు చార్జీలు కావు, లెక్క తేలిగ్గా ఉంటుందని పెట్టుకున్నవి. రద్దీ వేళ రానూపోనూ ఒకరోజు టికెట్టు 30 పౌండ్లు అనుకుందాం. వారం సీజన్ 100, ఫ్లెక్సీ 210. నెల, ఏడాది ధరలు మాత్రం నేను ఊహించక్కర్లేదు, వాటికి సూత్రం ఉంది. ఇక్కడ నెల సీజన్ వారం ధరకి 3.84 రెట్లు, ఏడాదిది 40 రెట్లు. అంటే 384, 4,000.

ఫ్లెక్సీలో 8 రోజులూ వాడితే రోజుకి 26 పౌండ్ల పావు పడుతుంది. ఒక్కటి మురిగిపోతే, అంటే 7 రోజులే వెళ్తే, రోజుకి సరిగ్గా 30. మామూలు టికెట్టు కొన్నట్టే. రెండు మురిగితే రోజుకి 35, అంటే ఫ్లెక్సీ కొని నష్టపోయినట్టు. మిగిలినవి పై నెలకి మోసుకెళ్ళడానికి వీల్లేదు, గడువు దాటితే గంగలో కలిసినట్టే. మరి నాలుగు వారాల్లో రెండు రోజులు మురగడం ఎంతసేపు? పిల్లకి జ్వరం ఒక రోజు. బడికి సగం టర్ము సెలవులు ఇచ్చారు, ఆ వారం ఇంట్లోంచే పని. సోమవారం ఆఫీసురోజుగా పెట్టుకున్నవాడికి మే నెలలో రెండు సోమవారాలు బ్యాంక్ హాలిడేలకే పోతాయి. అందుకే నేనైతే సోమవారాన్ని ఆఫీసురోజుగా ఒప్పుకోవద్దనే చెప్తాను.

ఇంకా చిన్న చిన్న మెలికలున్నాయి. పొద్దున్న రైల్లో వెళ్ళి సాయంత్రం స్నేహితుడి కారులో వచ్చినా ఆ రోజు పాసు మొత్తం ఖర్చయినట్టే. రాత్రి అక్కడే ఉండిపోయి మర్నాడు వస్తే రెండు పాసులు. మొదలయ్యే తేదీ మనమే చెప్పాలి, 28 రోజులు ఆ తేదీ నుంచి నడుస్తాయి తప్ప మొదటిసారి వాడిన రోజు నుంచి కాదు. కాబట్టి ఎప్పుడు కొన్నా సరే, మొదలుపెట్టేది ఆఫీసుకి వెళ్ళే రోజున పెట్టుకోవాలి. భార్యాభర్తలు ఒకే కార్డు మార్చుకుని వాడొచ్చా అని నన్ను ఇప్పటికి ముగ్గురు అడిగారు. వాడకూడదు. ఎవరి పేరున కొంటే వాళ్ళకే.

లండన్ స్టేషన్ దాకా కొన్న ఫ్లెక్సీతో అక్కడి నుంచి ట్యూబ్ ఎక్కితే ఆ చార్జీ వేరే కట్టాలి. ఇది మర్చిపోయి లెక్కలు వేసేవాళ్ళు చాలామంది. అలాగే లండన్ జోన్ల లోపలే తిరిగేవాళ్ళకి ఫ్లెక్సీ దొరకదు, వాళ్ళు బ్యాంకు కార్డు తాకించుకుంటూ పోవడమే.

మా ఎరుకలో తెనాలి వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. భార్య, నాలుగేళ్ళ పాప. లండన్ అద్దెలకి భయపడి మిల్టన్ కీన్స్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆఫీసు యూస్టన్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరం. ఆ మధ్య మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, “అక్కా, ఏడాది టికెట్టుకి కంపెనీ వాళ్ళు వడ్డీ లేని అప్పు ఇస్తామంటున్నారు. నెలనెలా జీతంలో పట్టుకుంటారట. తీసేసుకుంటే ఓ పని అయిపోతుంది కదా?” అన్నాడు. ఆ అమ్మాయి గిన్నె కింద పెట్టి, “అప్పు ఇస్తున్నారు కదా అని తీసుకోవడమేనా? మనం ఏడాది ఇక్కడే ఉంటామని నీకెవరు చెప్పారు?” అంది. ఇద్దరిలో లెక్క తెలిసింది ఆవిడకేనని నాకనిపించింది.

ఏడాది టికెట్టు గొప్పదనం చెప్తాను ముందు. రోజూ వెళ్ళేవాడికి దాన్ని మించింది లేదు. లండన్ చుట్టుపక్కల చాలా స్టేషన్ల నుంచి కొంటే దానితోపాటు గోల్డ్ కార్డు వస్తుంది, రద్దీ లేని వేళల్లో మీకూ, మీతో వచ్చే ఇంకో ముగ్గురు పెద్దలకీ టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. శనివారాలు పిల్లలతో తిరిగేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. కానీ సెలవులు, పండగలు తీసేస్తే ఏడాదికి ఆఫీసు వారాలు 46 అనుకోండి. వారానికి రెండు చొప్పున 92 రోజులు. మన లెక్కలో ఏడాది టికెట్టు 4,000 అంటే రోజుకి 43 పౌండ్ల పైన. రోజూ కౌంటర్లో కొనుక్కున్నా 30 కదా! రెండు రోజులవాడు దాని వైపు చూడకూడదు.

మూడు రోజులవాడి సంగతే కొంచెం పీకులాట. 138 రోజులు. ఫ్లెక్సీలో 8 పాసులూ అయిపోగానే, 28 రోజులు నిండేదాకా ఆగకుండా, ఇంకోటి కొనుక్కోవచ్చు. అలా కొంటూ పోతే ఏడాదికి 3,622 పౌండ్లు పడుతుంది, ఏడాది టికెట్టు కంటే తక్కువే. అదే ఫ్లెక్సీ రోజుకి 29 పౌండ్లు పడే లైను అయితే రెండూ దాదాపు సమానం. కొన్ని లైన్లలో ఫ్లెక్సీ మీద తగ్గింపు ఘనంగా ఉంటుంది, కొన్నిట్లో పేరుకే. వచ్చిన కొత్తలోనే మూడు రోజులవాళ్ళకి దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదని విమర్శలు వచ్చాయి. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో సీజన్ టికెట్టు లెక్కలు కట్టే పేజీ ఉంది. మీ స్టేషన్ల పేర్లు, వారానికి ఎన్ని రోజులో కొడితే ధరలన్నీ పక్కపక్కన చూపిస్తుంది. కాకపోతే మీ పాపకి జ్వరం వస్తుందని దానికి తెలీదు. ఆ రోజుల్ని మీరే తీసేసి చూసుకోవాలి.

ఇక వాపసు. ‘వద్దనుకుంటే తిరిగిచ్చేస్తాం, మిగిలిన డబ్బులిస్తారు కదా’ అంటారు. ఇస్తారు, కానీ మనం అనుకున్నట్టు కాదు. ఆర్నెల్లు వాడి తిరిగిస్తే సగం రాదు. వాడిన ఆర్నెల్లకీ నెల టికెట్టు ధర కట్టి అది మినహాయిస్తారు. 384 ఆరుసార్లు, 2,304. చేతికొచ్చేది 1,696, దాంట్లో చిన్న రుసుము. ఆ లెక్కన పదిన్నర నెలలు గడిచాయంటే పైసా రాదు.

ఇది ఇంగ్లీషువాళ్ళకి మామూలు నష్టం. మన కుర్రాళ్ళకి ఇంకో సంగతి ఉంది. కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, హోం ఆఫీసు ఉత్తరం వచ్చాక ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి సాధారణంగా దొరికేది 60 రోజులు. ఆ నెల జీతంలోంచే టికెట్టు అప్పు తాలూకు బాకీ అంతా ఒక్కసారి పట్టుకుంటారు. టికెట్టు తిరిగిచ్చి డబ్బు రాబట్టుకునే ఓపిక అప్పుడు ఎవరికుంటుంది? ఉద్యోగం పోనక్కర్లేదు, ఊళ్ళో పెద్దవాళ్ళకి బాగోలేదని నెలన్నర వెళ్ళొచ్చినా ఏడాది టికెట్టు ఇక్కడ అలా కరిగిపోతూనే ఉంటుంది. నా మటుకు నేను, ఐఎల్ఆర్ అని మనం పిలుచుకునే శాశ్వత నివాస అనుమతి చేతికి వచ్చేదాకా ఏడాది టికెట్టు కొనొద్దనే అంటాను, రోజుకి ఓ పౌండు ఎక్కువైనా సరే. ఎప్పుడైనా ఆపేయగలగడానికి ఆ పౌండు కడుతున్నామన్నమాట.

తెనాలి కుర్రాడు చివరికి ఏడాది టికెట్టు మానుకున్నాడు. ఫ్లెక్సీ కూడా వెంటనే కొనలేదు. క్రిస్మస్ సెలవులు, ఆ వెంటనే సంక్రాంతికి ఊరు. మధ్యలో ఆఫీసుకి వెళ్ళేది అయిదారు రోజులు. వాటికి విడి టికెట్లే నయం. ఫిబ్రవరిలో వచ్చాక మొదటి మంగళవారం నుంచి ఫ్లెక్సీ. ఆ అమ్మాయి క్యాలెండర్ తీసి 28 రోజులు లెక్కపెట్టి 8 గళ్ళకి సున్నాలు చుట్టింది, పెన్సిలుతో. పెన్నుతో చుట్టొచ్చుగా అంటే, “మీ మేనేజర్‌ని అడుగు” అంది.

ఫ్లెక్సీ పేరు అంతా వింటారు కానీ, రెండు రోజులవాళ్ళకి పనికొచ్చే ఇంకో ఉపాయం చాలామందికి తట్టదు. వారం సీజన్ సోమవారమే మొదలవ్వాలని లేదు, ఏ రోజైనా మొదలుపెట్టుకోవచ్చు. బుధవారం మొదలుపెట్టారనుకోండి, వచ్చే మంగళవారం దాకా చెల్లుతుంది. ఈ వారం బుధ, గురు వెళ్ళండి. పై వారం సోమ, మంగళ వెళ్ళండి. ఆఫీసు వాళ్ళ దృష్టిలో మీరు ప్రతి వారం రెండు రోజులు వచ్చారు. మీ దృష్టిలో రెండు వారాలకి ఒక్క వారం టికెట్టుతో సరిపెట్టారు. నాలుగు వారాలకి రెండు టికెట్లు, 200 పౌండ్లు. ఫ్లెక్సీ 210 కదా. పైగా మధ్యలో వచ్చే శని, ఆదివారాలు కూడా మీరు ఊరికే లండన్ వెళ్ళిరావచ్చు. నాలుగు రోజులూ దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి తర్వాతి వారం ఖాళీ, సెలవు పెడితే మురిగేదేమీ ఉండదు. వారం టికెట్టు ధర ఫ్లెక్సీలో సగం కంటే తక్కువ ఉంటేనే ఇది కలిసొస్తుంది, చూసుకోండి. మంగళ, బుధ, గురువారాలే కావాలని పట్టుబట్టే మేనేజర్ ఉన్నచోట అస్సలు కుదరదు.

పది గంటలకి వెళ్తే ఏమీ అనని ఆఫీసు అయితే సంగతే వేరు. రద్దీ వేళ దాటాక టికెట్టు ధర బాగా పడిపోతుంది. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ప్రాంతంలో నెట్‌వర్క్ రైల్‌కార్డు అని ఒకటుంది. మామూలు రోజుల్లో పది తర్వాత ఎక్కే రైళ్ళకి మూడో వంతు తగ్గిస్తుంది, తక్కువలో తక్కువ ఇంత కట్టాలన్న షరతు మీద. 30 పౌండ్ల టికెట్టు 20 అయి, దాంట్లో మూడో వంతు పోతే 13 చిల్లర. దీని ముందు ఏ సీజనూ నిలబడదు. కొన్ని పెద్ద స్టేషన్లలో సాయంత్రం తిరుగు రైళ్ళకీ రద్దీ వేళ ఉంటుంది, టికెట్టు మీద షరతులు చదువుకోవాలి. పొద్దున్న మీటింగు పదకొండుకి జరపమని అడిగితే ఏడాదికి వందల పౌండ్లు మిగులుతాయని తెలిసినా మన పిల్లలు నోరు తెరిచి అడగరు. అడగాలి.

కొన్నాక వాడడంలో ఒక జాగ్రత్త ఉంది, డబ్బు కంటే ముఖ్యమైంది. ఫ్లెక్సీ జేబులో ఉన్నంత మాత్రాన టికెట్టు ఉన్నట్టు కాదు, ఆ రోజు పాసు మొదలై ఉండాలి. స్మార్ట్ కార్డు అయితే గేటు దగ్గర తాకించాలి. ఫోన్‌లో అయితే రైలు ఎక్కకముందే యాప్‌లో ఆ రోజు పాసు మొదలుపెట్టాలి. గేట్లు లేని చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం దగ్గర కార్డు తాకించే యంత్రం ఒక మూల నిలబడి ఉంటుంది, పరుగులో చాలామంది దాన్ని చూడరు. ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్టు లేనట్టే లెక్క. తనిఖీలో దొరికితే పెనాల్టీ ఫేర్ 100 పౌండ్లు, దానిమీద ఆ ప్రయాణపు చార్జీ. 21 రోజుల్లోపు కడితే 50. ఇది 2023 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ఉన్న రేటు.

పెనాల్టీ ఫేర్ కట్టడం నేరం ఒప్పుకున్నట్టు కాదు, దానితో మీ రికార్డుకి మచ్చ రాదు. కావాలనే ఎగ్గొట్టారని రైల్వే వాళ్ళు అనుమానించి కోర్టుకి వెళ్తే అప్పుడొస్తుంది అసలు చిక్కు. అక్కడ శిక్ష పడితే అది నేరం కిందకి వస్తుంది, ఐఎల్ఆర్ దరఖాస్తులోనూ పౌరసత్వం దరఖాస్తులోనూ రాయాలి. అందుకని కాగితం వస్తే డ్రాయరులో పడెయ్యకండి. 21 రోజుల్లోపు కట్టండి, లేదా అదే గడువులో అప్పీలు చేసుకోండి, పాసు కొన్న రసీదు దానికి జతచెయ్యండి. ఇల్లు మారినవాళ్ళు స్మార్ట్ కార్డు ఖాతాలో చిరునామా మార్చుకోండి, రాయల్ మెయిల్‌లో ఉత్తరాల మళ్ళింపు పెట్టుకోండి. ఆ ఉత్తరం పాత ఇంటికి వెళ్ళిందంటే, కేసు నడిచిన సంగతి మీకు ఆఖర్న తెలుస్తుంది.